ఎవరూ రుచి చూడని మక్క చిప్సు

ఖమ్మం
ఆగస్టు 4

పుష్పా,

గోదారి తగ్గిందని పేపర్లో చూశాక గానీ నా మనసు కుదుటపడలేదు. మీ ఊరు, అదే మీ గుంపు, గట్టు మీద ఉంది, నీళ్లు రావు అని నువ్వు ఎన్నిసార్లు చెప్పినా నా భయం నాదే. ఫోన్ చేస్తే మూడు రోజుల నుంచీ ఒకటే పాట, అందుబాటులో లేరని. సిగ్నల్ కోసం నువ్వు గుట్ట ఎక్కాలి, ఆ టైముకు నాకు డ్యూటీ ఉండకూడదు. ఈ రెండూ కలిసే రోజు ఎప్పుడొస్తుంది? అందుకే మనం హాస్టల్లో చదివేటప్పుడు సెలవుల్లో రాసుకున్నట్టు మళ్లీ కాగితం పట్టాను. మా భద్రు కాక ఇప్పుడు భద్రాచలం బస్సుకు కండక్టరు. ఆయన చేతికిస్తే అక్కడి బస్టాండులో మీ ఊరి ఆటోవాడికి అందిస్తానన్నాడు. నువ్వూ అదే దారిలో పంపు.

ఇక అసలు సంగతి. నేను నర్సుగా ఉన్న ఈ హాస్టల్లో రెండు వందల అరవై మంది ఆడపిల్లలు. పోయిన నెల అందరికీ రక్తపరీక్ష చేస్తే సగం మందికి రక్తం తక్కువని తేలింది. అన్నం వదిలేస్తారు, సాయంత్రం గేటు పక్క కొట్లో చిప్సు ప్యాకెట్లు కొనుక్కుంటారు. ఒక పిల్లయితే ముందురోజు నుంచి ఆ ప్యాకెట్లు తప్ప ఏమీ తినక ప్రార్థనలో కూలబడింది. నేను వెళ్లి కొట్టువాడితో గొడవ పెట్టుకుని వాటిని ఆపించాను. ఇప్పుడు పిల్లలు నా మొహం చూడటం లేదు. "గుగ్గిళ్లు పెడితే నర్సమ్మనే తినమను" అంటున్నారట.

మా ప్రిన్సిపాల్ కళ్యాణి మేడం ఒక మాట అంది. "వద్దనుడు అల్కటి పనే జ్యోత్స్నా. బదులు ఏం పెడ్తవో గది చెప్పు." నాకు వెంటనే మీ మహిళా సంఘం ఓవెన్ గుర్తొచ్చింది. మక్కజొన్న చిప్సు నూనెలో వేయించకుండా ఓవెన్లో కాల్చి చేయొచ్చు. ఇంట్లో మా చిన్న ఓవెన్లో రెండుసార్లు చేశాను, బాగానే వచ్చాయి.

పద్ధతి రాస్తున్నాను. మక్కపిండి జల్లించి, ఉప్పు, కాస్త వాము వేసి, వేడినీళ్లు పోసి గరిటెతో కలిపి మూత పెట్టు. చెయ్యి ఓర్చుకునేంత వేడికి వచ్చాక బాగా పిసుకు. రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి పల్చగా ఒత్తి, పెనం మీద తడి ఆరేదాకా మాత్రమే కాల్చు. తర్వాత మూడు మూలల ముక్కలు కోసి, గుడ్డతో నూనె అద్ది, పైన కొంచెం ఉప్పు చల్లి, ఒకదాని మీద ఒకటి పడకుండా ట్రేలో పరిచి ఓవెన్లో పెట్టు. నూట ఎనభై డిగ్రీలు, పావుగంట. మధ్యలో ఒకసారి తిరగెయ్యాలి. వేడిగా ఉన్నప్పుడు మెత్తగానే ఉంటాయి, చల్లారితేనే కరకరలాడతాయి. అది తెలియక నేను మొదటి వాయి మాడబెట్టాను.

ఒక డబ్బా చేసి పంపు. పిల్లలకు నచ్చి మా హాస్టల్ ఫుడ్ కమిటీ ఒప్పుకుంటే మీ సంఘం నుంచే తెప్పిస్తారు. వారానికి నాలుగు రోజులైనా ఉంటుందని నా ఆశ.

నీ
జ్యోత్స్న


కొత్తచెలక గుంపు
ఆగస్టు 21

జ్యోత్స్నా,

నీ ఉత్తరం ఇస్తూ ఆటోవాడు "ఏందక్కా, కోర్టు నోటీసా?" అన్నాడు. ఈ రోజుల్లో కవర్లో కాగితం వస్తే అట్లాగే అనుకుంటారు మరి.

ఓవెన్ సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పపువ్వు బిస్కెట్లు చేసుకోమని ఇచ్చారు కదా. కొనేవాళ్లు లేక ఆపేశాం. రెండేళ్లుగా షెడ్డులో గోనెపట్టా కప్పుకుని కూర్చుంది. నీ ఉత్తరం చదివి ఆరుగురం వెళ్లి చూస్తే తలుపు సందు తెరిచే ఉంది, లోపల జంపక్క కోడి పదకొండు గుడ్లు పొదుగుతోంది. జంపక్క మా ఆరుగురిలో పెద్దది, నాకు వరసకు అత్త. "నా కోడి లేసేదాక ఓవెన్ ముట్టొద్దు" అని అడ్డం నిలబడింది. అందుకే ఇన్ని రోజులు పట్టింది. పిల్లలు లేచాయి, ఓవెన్ కడిగాం.

నవ్వుకో, కానీ నాకిది నవ్వులాట కాదు. మొన్న ఓవెన్ ఇచ్చిన ఆఫీసు నుంచి మనిషి వచ్చి, కొత్త సంవత్సరం లోపల పని మొదలు పెట్టకపోతే వేరే సంఘానికి ఇచ్చేస్తామని చెప్పి వెళ్లాడు. ఓవెన్ పోతే మాకు మిగిలేది మిరప కోతలే. ఈ ఏడు జనవరి నుంచి మార్చి చివరిదాకా అందరం ఎర్రుపాలెం వైపు చేలల్లో పట్టాలతో గుడారాలు కట్టుకుని ఉన్నాం. మా ఆయన లారీ మీద పోతాడు, నెలకోసారి కూడా ఇంటికి రాడు. అప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పాపను ఇంట్లో మా ఆయన తల్లి, మా అత్త దగ్గర వదిలి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అది నా దగ్గరికి రాలేదు జ్యోత్స్నా. మూడు రోజులు మా అత్త కొంగు పట్టుకునే తిరిగింది. నేను పిలిస్తే ఎవరో చుట్టాన్ని చూసినట్టు చూసింది. ఈసారి దాన్ని వదిలి పోను. మీ హాస్టల్ ఆర్డరు వస్తే పోవాల్సిన పని ఉండదు. నాకు కావాల్సింది అదొక్కటే.

నువ్వు చెప్పినట్టే చేశాం. రొట్టె ఒత్తుతుంటే అంచులు పగిలిపోతున్నాయి. గాదెలో పోయినేటి మక్కలు అడుగున ఉంటే అవే పట్టించాం. డబ్బా పంపుతున్నాను. ఎట్లా ఉన్నాయో మొహమాటం లేకుండా చెప్పు.

పుష్పలత


ఖమ్మం
సెప్టెంబరు 3

పుష్పా,

మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నాను. ముక్కిపోయిన వాసన. పదిమంది పిల్లలకు పెడితే ఎనిమిది మంది అదే అన్నారు. మిగిలిన ఇద్దరికి జలుబు. ఉప్పు కూడా తక్కువైంది, చప్పగా ఉన్నాయి. కానీ కరకర మాత్రం బ్రహ్మాండం. ఒక పిల్ల కళ్లు మూసుకుని నమిలి "ప్యాకెట్ లెక్కనే సప్పుడైతున్నది మేడం" అన్నది. అంటే మనం సగం గెలిచినట్టే.

పగుళ్ల సంగతి మా అమ్మ హేమ్లికి చెప్పాను. తండాలో నలభై ఏళ్లు రొట్టెలు కొట్టిన మనిషి. "నీళ్లు సలసల మసలకముందే పిండి కలిపితే పగలక ఏమైతది? గా పిల్లకు ఓపిక పట్టమని చెప్పు" అన్నది. ఇంకో ఉపాయం వీడియోలో చూశాను. ఈ చిప్సు పుట్టిన దేశంలో మక్కలను తినే సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొట్టు పోయేదాకా కడిగి రుబ్బుతారట. అప్పుడు ముద్ద సాగుతుంది, అంచులు పగలవు. కిలోకు ఒక చిన్న చెంచా సున్నం చాలు. బాగా కడగడం మాత్రం మరిచిపోవద్దు.

ముఖ్యమైంది ఇది. సెప్టెంబరు 27న ఫుడ్ కమిటీ వస్తుంది. పెద్దాయన జయప్రకాశ్ సారు స్వయంగా రుచి చూసి సంతకం పెడతాడు. ఆ తర్వాత సెలవులు, మళ్లీ ఎప్పుడో. కాబట్టి ఈసారి పాత మక్కలు వద్దే వద్దు. మీ చెలకల్లో ఈపాటికి కంకులు ఎండి ఉంటాయి. కొత్త మక్కలతో చెయ్యి. ఉప్పు కొంచెం పెంచు. 26 సాయంత్రానికి డబ్బా నా చేతిలో ఉండాలి.

డబ్బాతో పంపిన పాప ఫొటో చూశాను. ముందు పళ్లు రెండూ ఊడగొట్టుకుందే!

నీ
జ్యోత్స్న


కొత్తచెలక గుంపు
సెప్టెంబరు 26, పొద్దున

జ్యోత్స్నా,

కొత్త మక్కలతోనే చేశాం. సున్నం ఉపాయం పనిచేసింది. ఒక్క అంచు పగల్లేదు, ఓపిక పట్టమన్న హేమ్లి అమ్మకు కూడా నా దండాలు చెప్పు. రంగు బాగుంది, వాసన బాగుంది, విరిస్తే టక్కుమంటున్నాయి. రుచి సంగతి నువ్వే చూడు.

ఇక్కడ ఊరి పెద్దాయన ఒకరు కాలం చేశారు. మైల ఉంది, అందుకని మా కొత్తల పండుగ వెనక్కి పోయింది. పూజారి పగిడయ్య తాత ఇంకా రోజు చెప్పలేదు. అది మా గొడవలే, నీకెందుకు.

ఆటోవాడు హారన్ మోగించి చంపుతున్నాడు. ఉంటాను.

పుష్పలత


ఖమ్మం
సెప్టెంబరు 28

పుష్పలతకు,

నిన్న ఏం జరిగిందో చెప్తాను, విను.

హాల్లో ముప్పై మంది పిల్లల్ని కూర్చోబెట్టాం. జయప్రకాశ్ సారు, కళ్యాణి మేడం ముందు కుర్చీల్లో. నిన్న బస్సు ఆలస్యమై నీ డబ్బా నాకు కమిటీ వచ్చే ముందే అందింది, మూత కూడా అక్కడే తీశాను. కమ్మటి వాసన. నేను మహా గొప్పగా మైకు పట్టుకుని, కొత్తచెలక గుంపు ఆడవాళ్లు చేశారు, ఈ ఏటి కొత్త మక్కలు, మొన్ననే చేనులోంచి వచ్చాయి అని ఊదరగొట్టాను. సారు ఒకటి నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. నచ్చిందనుకున్నాను. లేచి కిటికీ దగ్గరికి పోయి ఉమ్మేశాడు. "బీపీ ఉన్నోన్ని, నన్ను సంపుదామనుకున్నరా నర్సమ్మా?" అన్నాడు. నేనొకటి తిన్నాను. ఉప్పు కాదు, ఉప్పు గని. పిల్లలు పగలబడి నవ్వారు. మీ వైపు పిల్లలు ఇద్దరు ముందు వరసలోనే ఉన్నారు. వాళ్లు చేతిలో పట్టుకుని కూర్చున్నారు తప్ప నోట్లో కూడా పెట్టుకోలేదు. మీ పిల్లలకే అక్కర్లేకపోతే ఇంకెవరికి కావాలి?

ఆరోగ్యం కోసమని నూనె తీసేసి, బదులు ఉప్పు కుమ్మరించి పంపావు. కాగితం మీద "ప్రస్తుతానికి వద్దు" అని రాసి సంతకం చేశాడు.

ఆరుగురున్నారు. ఒక్కరు, ఒక్కటంటే ఒక్క ముక్క నోట్లో వేసుకుంటే తెలిసేది కదా! పంపే ముందు రుచి చూడాలని కూడా ఒకరు చెప్పాలా? "మీవాళ్లకు పని అప్పజెప్తే గిట్లనే ఉంటది" అని సారు అంటుంటే నేను నోరెత్తలేకపోయాను. ఏమని ఎత్తను? ఆర్డరు కావాలి, పాపను వదిలి పోను అని రాసిన మనిషివి నువ్వేనా?

ఖాళీ డబ్బా భద్రు కాకతో పంపుతున్నాను.

జ్యోత్స్న


కొత్తచెలక గుంపు
అక్టోబరు 17

జ్యోత్స్నా,

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులు దాటింది. చింపేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. "మీవాళ్లు" అన్నది ఆ సారే కావచ్చు, కాగితం మీద పెట్టింది నువ్వు. ఎనిమిదో తరగతి నుంచి ఒకే పళ్లెంలో తిన్నాం. ఆ మాట నీ చేతి రాతలో చూసి నాకు చాలా బాధేసింది. కోపం కూడా వచ్చింది.

ఇక రుచి సంగతి చెప్తాను. మా దగ్గర కొత్త పంట ఏది చేతికొచ్చినా, కొత్తల పండుగ చేసి, ఊరి దేవతకూ చనిపోయిన మా పెద్దలకూ పెట్టాకే నోట్లో పెట్టుకుంటాం. అప్పటిదాకా చంటిపిల్ల ఏడ్చినా కంకి విరిచి కాల్చి ఇవ్వం. మైల వల్ల పండుగ వెనక్కి పోయింది, నీ తారీఖేమో ముందే ఉంది. పాత మక్కలు ముక్కిపోయాయి. ఏం చేయాలో తోచక ఆరుగురం పగిడయ్య తాత దగ్గరికి వెళ్లి అడిగాం. ఆయన, "చేతికి తప్పు లేదు. దంచుండ్రి, కాల్చుండ్రి, అమ్ముకోండ్రి. నోట్లకు పోతేనే తప్పు" అన్నాడు.

అట్లా చేశాం. చూపుతో చూశాం, ముక్కుతో చూశాం, విరిచి చప్పుడు విన్నాం. ఉప్పు తెలియాలంటే నాలుకే కావాలి కదా. మరిచిపోయి వేలు నాకుతామేమోనని జంపక్క గంటకోసారి అందరి చేతులూ కడిగించింది. ఆరుగురిలో ఒక్కరి నోట్లోకీ పిండి నలుసు పోలేదు. నువ్వు నిర్లక్ష్యం అనుకున్నావు చూడు, దానికోసం చెప్తున్నాను.

ఉప్పు ఎట్లా పెరిగిందంటే, పిండిలో కలిపింది జంపక్క. పెద్దది కదా, మరిచిపోయి రెండోసారి వేసి ఉంటుంది. అందరూ అదే అంటున్నారు. ఆమె మాత్రం "నేను ఒక్కతూరే ఏసిన" అంటోంది.

ముందే ఎందుకు చెప్పలేదంటావు. చెప్తే "ఈ రోజుల్లో కూడానా" అంటావని ఒక భయం. తారీఖు మార్చమంటే ఆర్డరే పోతుందని ఇంకో భయం. పాపను మళ్లీ వదలాల్సి వస్తుందన్నది అన్నిటికంటే పెద్ద భయం.

ఇంకొకటి. ఆ పిల్లలిద్దరికీ నచ్చక కాదు. నువ్వు మైకులో కొత్త మక్కలని చెప్పావుగా, అందుకే నోట్లో పెట్టుకోలేదు.

పుష్పలత


ఖమ్మం
అక్టోబరు 22

పుష్పా,

తప్పు నాది. ఆ మాట రాసిన చెయ్యి నాది. ఎట్లా అడగాలో తెలియడం లేదు, క్షమించు.

నేను కూడా నీకు ఒకటి చెప్పకుండా దాచాను. ఆ రోజు సారు వెళ్లిపోయాక ఆ కోపమంతా ఆ పిల్లలిద్దరి మీద చూపించాను. "అందరు తిన్నరు, మీకేం రోగం? ఏం నాటకాలు? తినుండ్రి" అని గదమాయించాను. పెద్దది తల వంచుకుని నిలబడింది. చిన్నది ఆరో తరగతి, భయపడి నమిలి మింగేసింది. తర్వాత రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నర్సును కదా, జ్వరమేమోనని మాత్ర ఇచ్చాను! నిన్న నీ ఉత్తరం చదివి పక్కకు పిలిచి అడిగితే, "మా నాయనకు తెలిస్తె ఏమంటడో మేడం" అని వెక్కి వెక్కి ఏడ్చింది. 

మా అమ్మకు చెప్తే నాలుగు తిట్టింది. "తీజ్ పండుగ బుట్టలు పెండ్లిగాని ఆడపిల్లలు తప్ప ఇంకోలు ముడితే తండాల ఊకుంటమా? నీ ఇంట్ల నీకు తెల్సిందే, పక్కోలింట్ల తెల్వకపాయె" అన్నది. నిజమే. తొమ్మిది రోజులు ఆ మొలకల బుట్టలకు నీళ్లు పోసిన దాన్నే నేను కూడా.

కళ్యాణి మేడంకు మొత్తం చెప్పాను, పిల్లను గదమాయించిన సంగతితో సహా. ఆమె అంతా విని, చివరికి "పండుగ అయినాంక ఇంకోసారి పెట్టియ్యి, సారుతోని నేను మాట్లాడుత" అన్నది. కాబట్టి దారి మూసుకుపోలేదు. కానీ ముందు ఆ పిల్ల విషయంలో నేనేం చేయాలో పగిడయ్య తాతను అడిగి చెప్పు. ఏం చేయమన్నా చేస్తాను. జంపక్కను ఎవరూ ఏమీ అనొద్దని చెప్పు, పెద్దామె.

జ్యోత్స్న


కొత్తచెలక గుంపు
నవంబరు 5

జ్యోత్స్నా,

తాతను అడిగాను. ఆయన నీ ఉత్తరం మొత్తం రెండుసార్లు చదివించుకున్నాడు. "పోరికేం దోషముంటది? భయపడి తిన్న నోటిది తప్పు కాదు. తెల్వక పెట్టిన చేతిది. ఆ చేతిని పండుగకు రమ్మను, పిల్లలిద్దర్ని తోలుకొని రమ్మను. ఆ చిన్నదాని చేతితోనే పెద్దలకు పెట్టిద్దాం" అన్నాడు. ఆ పిల్ల నాయనతో కూడా తానే మాట్లాడతానన్నాడు. నవంబరు 13న పండుగ. ముందురోజే రా. మా ఇంట్లోనే పడుకోవాలి.

నీ మీద నాకు కోపం పోయింది. సగం నేను ముందే చెప్పకపోవడం వల్ల జరిగింది.

జంపక్క షెడ్డుకు రావడం మానేసింది. "నా చేతి ఉప్పు మీకు పడది" అన్నదట. నేను వెళ్లి పిలవాలి, ఇంకా వెళ్లలేదు. ఆమె మాట వస్తే నేను ఇంకేదో మాట ఎత్తుతున్నాను. పాప రెండో తరగతి లెక్కల్లో ఎక్కాలు పదమూడు దాకా చెప్తోంది, నువ్వు వచ్చినప్పుడు అప్పజెప్పించుకో.

వస్తూ వాము తీసుకురా, ఇక్కడ దొరికేది పొడిపొడిగా ఉంటోంది.

పుష్పలత


ఖమ్మం
నవంబరు 30

పుష్పా,

పండుగ నుంచి వచ్చి రెండు వారాలైనా మా పిల్లలిద్దరూ ఇంకా అదే ముచ్చట చెప్తున్నారు. చిన్నది మునుపటిలా రెండుసార్లు అన్నం పెట్టించుకుంటోంది. ఆ పిల్ల విస్తరాకులో మీ మక్కలు, పక్కన చిప్సు పెట్టి దండం పెట్టినప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. తర్వాత నువ్వు మొదటి ముక్క నోట్లో వేసుకుని "ఉప్పు సరిపోయింది" అంటే ఊరంతా నవ్వింది. జంపక్క ఒక్కతే నవ్వలేదు, గమనించావా? ఆమెను కూడా ఒకసారి మంచిగా పలకరించు.

ఇక నువ్వు ఎదురుచూస్తున్న సంగతి. నిన్న మళ్లీ కమిటీ కూర్చుంది. జయప్రకాశ్ సారు ఈసారి ముందే నీళ్ల గ్లాసు పక్కన పెట్టుకున్నాడు. ఒకటి కొరికాడు, ఇంకోటి తీసుకున్నాడు, నాలుగోదాని దగ్గర మేడం డబ్బా పక్కకు జరిపింది. "మంచిగున్నయ్ నర్సమ్మా" అని సంతకం పెట్టాడు. "మీవాళ్లు అన్న మాట వెనక్కి తీసుకోండి సార్" అని నేను అక్కడే అడిగాను. మొహం ఎర్రబడింది కానీ తీసుకున్నాడు.

అయితే నేను అనుకున్నంత రాలేదు పుష్పా. నాలుగు రోజులు అడిగితే మంగళవారం, శుక్రవారం ఇచ్చారు. మిగతా రోజులు గుడ్డు, పల్లీపట్టీ ఉన్నాయట. ఈ రెండు రోజుల పని ముగ్గురికి సరిపోతుంది, ఆరుగురికి చాలదు. వచ్చే ఏడాది పెంచుతామని మేడం అంటోంది. నువ్వైతే ఆ ముగ్గురిలో ఎలాగూ ఉంటావు, సంఘం నడిపేదే నువ్వు. ఓవెన్ ఎక్కడికీ పోదు. పాపకు చెప్పు, ఈసారి అమ్మ ఎక్కడికీ పోదని.

నీ
జ్యోత్స్న


ఎర్రుపాలెం దగ్గర, మిరప చేను
జనవరి 11

జ్యోత్స్నా,

పైన ఊరి పేరు చూసి కంగారు పడతావని తెలుసు. మంగళవారం, శుక్రవారం డబ్బాలు నీకు సరిగ్గానే అందుతున్నాయి కదా. అవి చేస్తున్నది జంపక్క, ఇంకో ఇద్దరు. నేను కాదు. నెలన్నర నుంచి నీకు రాయనిది ఇందుకే.

నీ ఉత్తరం చదివి వినిపించిన రోజు ఆరుగురికి మూడు చోట్లు ఎట్లా అని చర్చ వచ్చింది. చీటీలు వేద్దామన్నారు. జంపక్క పేరు రాయొద్దని ఒకామె అన్నది. "ఉప్పు మరిశేదానికి పనెట్ల ఇస్తం? మల్ల గట్లనే జేస్తే ఉన్నది గూడ పోతది" అన్నది. ఎవరూ కాదనలేదు. జంపక్క లేచి, చీర దులుపుకుని గుమ్మం దాకా నడిచింది. అప్పుడు చెప్పేశాను, ఉప్పు రెండోసారి వేసింది నేనని.

నీకూ అబద్ధమే రాశాను. ఆ రోజు ముక్కలు ట్రేల్లో పరిచి ఉప్పు చల్లాను. బయట ఆటోవాడు హారన్ కొడుతుంటే ఆగమని చెప్పి వచ్చి మళ్లీ చల్లాను. సగంలో చెయ్యి ఆగింది, ముందే చల్లానేమో అని అనుమానం వచ్చింది. నాలుకకు ఒక్కసారి తగిలిస్తే తేలిపోయేది. అది కుదరదు. మళ్లీ చేసే టైము లేదు. చల్లలేదులే అని నాకు నేనే చెప్పుకుని మిగతా సగానికీ చల్లి ఓవెన్లో పెట్టేశాను. నీ కోపం ఉత్తరం వచ్చిన రోజు అందరూ ఎవరు, ఎవరు అని అడుగుతుంటే జంపక్క పేరు మొదట ఎత్తింది కూడా నేనే. పెద్దది కదా, మరిచిపోయింది అంటే అందరూ నమ్మేస్తారని నాకు తెలుసు. సంఘం నడిపేదాన్ని, నా వల్లే ఆర్డరు పోయిందంటే ఇక పని నా చేతిలో ఉండదని భయపడ్డాను.

జంపక్క నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "రెండు నెల్ల సంది మా ఇంట్ల గూడ నన్ను మరిశిపోయే ముసల్ది అంటున్నరే పుష్పా. నిజంగనే మరిశిననేమో అని నేను గూడ అనుకున్న" అన్నది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నా చీటీ వేయొద్దన్నాను. నా చోటు ఆమెకిమ్మన్నాను. మిగిలిన రెండు చోట్లకే చీటీలు వేశారు. చీటీలో పేరు రాని ఇద్దరూ నాతో ఇక్కడే ఉన్నారు. ఇప్పుడు షెడ్డులో ఉప్పు వేసేది జంపక్క ఒక్కతే, ఇంకెవరినీ ముట్టనివ్వదట.

నువ్వు మేడం దగ్గరికి పోయి నాకోసమని ఇంకో రోజు పెంచమని అడగకు. అడిగితే ఈ ఇద్దరి కోసం అడుగు. వాళ్లు ఏ తప్పూ చేయకుండా వచ్చారు.

పాప సంగతి చెప్పాలి. పోయినేడు "రేపొస్తా" అని చెప్పి ఆటో ఎక్కాను. అది వారం రోజులు రోజూ సాయంత్రం రోడ్డు మీదికి వచ్చి నిలబడిందట, మా అత్త ఈమధ్యనే చెప్పింది. ఈసారి అట్లా చేయలేదు. ముందురోజు ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉప్పు సంగతి, జంపక్క సంగతి, నేను చెప్పిన అబద్ధం, మొత్తం చెప్పాను. మార్చి నెల అయిపోయేదాకా రానని కూడా చెప్పాను. అది అంతా విని, "మరి గప్పుడే ఎందుకు చెప్పలే అమ్మా? చెప్తే నువ్వు ఈడనే ఉంటుంటివి గదా" అన్నది.  అది ఏడ్చింది, నేనూ ఏడ్చాను. పొద్దున ఆటో దగ్గరికి మా అత్త రమ్మంటే మొదట రానన్నది. బండి కదిలాక పరుగెత్తుకుంటూ వచ్చి చెయ్యి ఊపింది.

పోయినేడు నేను తిరిగి వెళ్లినప్పుడు నా దగ్గరికి రాలేదని నీకు రాశాను. ఈసారి వస్తుంది జ్యోత్స్నా. ఎక్కడికి పోతున్నానో, ఎందుకు పోతున్నానో దానికి చెప్పే వచ్చాను.

పుష్పలత